పేడలో మెతుకులు

మా నాయన కోపం ఎట్లాంటిదో చెప్పాలంటే ఆయుధపూజ మర్నాటి పొద్దు గురించి చెబితే చాలు. నా బుద్ధి ఎంతదో తెలియడానికీ ఆ పొద్దే చాలు.

అప్పట్లో నేను రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో గిన్నెలు కడిగేదాన్ని. మిగిలిన అన్నం బకెట్టులో వేసుకుని షేర్ ఆటోలో ఇంటికి తెచ్చేదాన్ని. రోజూ కుడితిలో రెండు దోసిళ్ళు కలిపితే మా ఎనుము, అదే గేదె, మూతి ఎత్తకుండా తాగేది. ఆయుధపూజ రోజు మిషన్లకు బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, సగం మంది మధ్యాహ్నానికే వెళ్ళిపోయారు. అన్నం, చక్కెర పొంగలి గంగాళాల్లో అట్లే మిగిలిపోయాయి. రెండు బకెట్లు నింపుకొచ్చాను. ఎనుము చూడితో ఉంది, ఏడో నెల. బాగా తింటే దూడకు బలమని నా తెలివి. రెండు బకెట్లూ తొట్టిలో కుమ్మరించాను. అది చివరి మెతుకుదాకా నాకితే నాకు ఎంత సంబరమో.

తెల్లారేసరికి కొట్టం నిండా నీళ్ళలాంటి పేడ, ఒకటే పారుడు. పుల్లటి కంపు, బూడిదరంగు నురుగు. తోక, తొడలు అన్నీ తడిసిపోయాయి. నెమరు లేదు. కళ్ళు లోపలికి పోయాయి, ఎప్పుడూ తడిగా ఉండే ముట్టె ఎండిపోయింది. నాకు చూడగానే తెలిసిపోయింది. తెలిసీ నేను చేసిన మొదటి పని బకెట్లు కడిగి బోర్లించడం.

నాయన దాని కడుపులో పురుగులన్నాడు, పచ్చిమేత ఎక్కువైందన్నాడు, దిష్టి అన్నాడు. చివరికి తన తాత చేసిన పనే తనూ చేశాడు. కొడవలిని పొయ్యిలో పెట్టి ఎర్రగా కాల్చాడు. కాళ్ళకు తాడేసి లాగితే ఎనుము దబ్బున పడింది. నన్ను మెడ మీద మోకాళ్ళు అదిమి, తల ఎత్తకుండా పట్టుకోమన్నాడు. డొక్కలో ఒక వాత, పక్కనే ఇంకో వాత. కొట్టమంతా తోలు కాలిన కంపు. అది అరుస్తుంటే ఆ అరుపు నా మోకాళ్ళ కింద అదిరింది. వాతలకు పారుడు ఆగుతుందా? ఇంకా ఎక్కువైంది. తాళ్ళు విప్పినా ఎనుము లేవలేదు.

అప్పుడే చిన్నాయన వచ్చాడు. నాయనకు సొంత తమ్ముడు, పక్కిల్లే, మధ్యన ముళ్ళకంచె. వారం ముందు బోరు నీళ్ళ వంతు కాడ మాటామాటా పెరిగి ఇద్దరూ పలకడం మానేశారు. అయినా వచ్చాడు.

"అన్నా, ఆ వాతలు ఆపు. పశువుల డాక్టరుకు ఫోన్ జేసినాను. నిన్న సాయంత్రం ఇది తినింది ఏందంటే..." అంటూ నా వైపు చూశాడు. తర్వాత నాయన చేతి వైపు చూశాడు. ఆ మాట అక్కడే మింగేశాడు.

ముక్కు మీద కోపమున్న మనిషికి సగం మాట చాలు. "ఏం తినిందిరా? నువ్వు ఏం పెట్టినావో సెప్పు. తొట్లో గుళికల మందు కలిపినావా?"

"నేనెందుకు కలుపుతానన్నా. సూడి గొడ్డు గదా అది."

"కలపకపోతే అది తినింది నీకెట్ట తెలుసు?"

చిన్నాయన మళ్ళీ నా వైపే చూశాడు. నాయన కొడవలి పారేసి, కట్టుగుంజ పెరికాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీదికి వస్తుంటే చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. పేడలో పడినవాణ్ణి డొక్కల్లో తన్నాడు. గుంజ రెండు ముక్కలయ్యేదాకా కొట్టాడు. చిన్నమ్మ పరిగెత్తుకొచ్చి జుట్టు పట్టి గుంజితే గానీ ఆగలేదు. నేను ఎనుము పక్కనుంచి లేవలేదు, నోరు తెరవలేదు. ఇప్పటికీ నా నోరంటే నాకు అసహ్యం.

డాక్టరు వచ్చేసరికి చిన్నాయనను ఆటోలో తీసుకుపోయారు. డాక్టరు ఎనుము మెడ దగ్గర తోలు పట్టి లాగి వదిలాడు. ముడత ముడతగానే నిలబడింది. తర్వాత పుల్లతో పేడ కెలికాడు. అందులో తెల్లటి మెతుకులు.

"విషం లేదు, గిషం లేదు. ఇది అన్నం. గడ్డి అరిగించుకునే కడుపులో ఒక్కసారిగా ఇంత అన్నం పడితే పులిసిపోతాది. ఒంట్లో నీళ్ళన్నీ పారుడులో పోతాయి. ఎవరు పెట్టినారు?"

"నేనే," అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. నాయన నా మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. రెండోసారి చెయ్యెత్తితే డాక్టరు ఆయన్ను పక్కకు తోశాడు.

"కొట్టుకునేది తర్వాత. ముందు వంటసోడా తెండి."

సీసాల మీద సీసాలు సెలైన్ ఎక్కించి, సోడా నీళ్ళు తాపితే మూడో రోజుకు లేచింది. కడుపులో దూడ మాత్రం దక్కలేదు.

నాలుగో రోజు సంగటి కట్టుకుని తిరుపతిలో ఆసుపత్రికి పోయాను. నాయన కూడా వచ్చాడు గానీ వార్డు బయట బెంచీ మీదే కూర్చుండిపోయాడు. లోపల చిన్నాయన నన్ను చూసి మొదట ఎనుము సంగతే అడిగాడు. లేచిందన్నాను. ఆ పొద్దు ఏదో చెప్పబోయి ఎందుకు ఆపావని అడిగాను.

"నువ్వు బకెట్లు కుమ్మరిచ్చేది కంచె కాడ్నించి సూసినాను పాపా. సెప్దామనే వచ్చినాను. మీ నాయన చేతిలో కాలిన కొడవలి ఉన్నింది గదా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కుడి చెయ్యి కట్టులో ఉంది. సంగటి ముద్ద నేనే చేసి నోట్లో పెట్టాను.