అన్నం వేసిన సంగటి, వేయని ముద్ద

నేను పనిచేసేది మదనపల్లె దగ్గర ఒక టమోటా గుజ్జు ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షించే గదిలో. చదివింది ఫుడ్ టెక్నాలజీ. మా బంధువుల్లో దీన్ని వంట కోర్సు అంటారు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. నిల్వ, ప్యాకింగు, వేడి ఒక పదార్థంలోకి ఎంత వేగంగా దిగుతుందో లెక్కగట్టడం అని వరసగా చెప్పేవాణ్ణి. మా చిన్నమ్మ ఓపిగ్గా అంతా విని, "అయితే సాంబారు పెట్టేది నేర్పించినారా?" అని అడిగింది. నేర్పించలేదు. అప్పట్నుంచి సరిదిద్దడం మానేశాను.

చిన్నమ్మకు పుంగనూరులో ఒక మెస్సు ఉండేది. మధ్యాహ్నం పూట మాత్రమే. రాగి సంగటి, నాటుకోడి పులుసు, వేయించిన శనక్కాయ విత్తనాలు టమోటాతో కలిపి రోట్లో నూరిన ఊరిబిండి. ఇంతే. నాలుగోది అడిగితే మంచినీళ్ళు ఇచ్చేది. చౌడేపల్లె నుంచి పాలు, కూరగాయలు తెచ్చి పోసి తిరిగిపోయేవాళ్ళు ఆమె దగ్గర తినకుండా ఆటో ఎక్కేవాళ్ళు కాదు. అలాంటిది, ఆ కట్టడం యజమాని దాన్ని కొట్టేసి మేడ కట్టుకుంటానన్నాడు. కూతురు కుప్పంలో నర్సింగు చదువుతోంది కదా అని చిన్నమ్మ కుప్పం బస్టాండు దగ్గర ఒక గది మాట్లాడుకుంది. ఆ గదికి సెల్‌ఫోన్ల అంగడి వాళ్ళు కూడా పోటీ ఉన్నారు. గది యజమాని పెద్దమనిషి తరహాలో ఒక నెల గడువిచ్చాడు. జనం వస్తే ఉండొచ్చు, లేకపోతే ఖాళీ చేయాలి. భర్త పోయినప్పటి నుంచి చిన్నమ్మకు తెలిసిన బతుకుతెరువు సంగటి ఒక్కటే.

ఆ నెల సగమయ్యేసరికి చెల్లెలు, అంటే చిన్నమ్మ కూతురు, ఫోన్ చేసింది. "అన్నా, సంగటి మిగిలిపోతాంది. ఎవురూ రెండోసారి రావడంలేదు. నీది వంట కోర్సే గదా, వచ్చి సూడు."

నేను ఎక్కడికైనా వెళ్ళేముందు అనుమానాలు వరసగా రాసుకుంటాను. బస్సు పలమనేరు దాటేలోపు ఐదు తేలాయి. ఒకటి, కుప్పం నీళ్ళు. రెండు, రాగుల రకం. మూడు, మర పిండిని ఎంత మెత్తగా పట్టింది. నాలుగు, పొయ్యి మంట. ఐదు, ముద్ద ఆకు మీదికి వచ్చేసరికి ఎంత వేడిగా ఉంది. ఐదోదాని కోసం ఫ్యాక్టరీలో వాడే సూది థర్మామీటరు లాంటిదే నా సొంతది ఒకటి జేబులో పెట్టుకున్నాను. తినేవాళ్ళు అనే అంశం ఆ వరసలో లేదు.

తినేవాళ్ళలో ముఖ్యుడు ఒక పూల మండీ పెద్దాయన. తెల్లచొక్కా, చెవి వెనకాల ఎప్పుడూ ఒక చామంతి. నేను వెళ్ళిన రోజే ఆయన మొదటిసారి వచ్చాడు. ఆయన్ని చూసి ఇంకో ముగ్గురు వచ్చారు. ఆయన ఎక్కడ తింటే మండీ అంతా అక్కడ తింటుందని చెల్లెలు నా చెవిలో చెప్పింది. ఆయన ముద్దను వేలితో విరిచి, వెలుతురులోకి ఎత్తి చూశాడు.

"ఏమ్మా, సంగట్లో అన్నం కనిపిస్తాండాది. రాత్రిది మిగిలిందా?"

చిన్నమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మిగిలింది కలిపేదానికి ఇదేమన్నా ఇల్లా? అన్నం ఉడకబెట్టి, దాని మీద పిండేసి కెలికితేనే సంగటి."

"అది మీ పక్క తల్లీ. మా పక్క ముద్ద అంటే ఉత్త రాగిపిండే."

ఇందులో ఉన్న అవమానం అర్థం కావాలంటే మా వైపు సంగతి కొంచెం తెలియాలి. మెట్ట ఊళ్ళలో ఒకప్పుడు బియ్యం పండగలకే. సంగట్లో మెతుకు కనబడితే ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయని లెక్క. చుట్టం వస్తే ఇంకో పిడికెడు ఎక్కువ వేసేవాళ్ళు. అంటే చిన్నమ్మ వేసే అన్నం తినేవాడికి ఆమె ఇచ్చే గౌరవం. అదే మెతుకు కర్ణాటక సరిహద్దు దాకా పోయేసరికి చద్దన్నం దాచిపెట్టిన గుట్టుగా మారిపోయింది. నా చదువులో ఉష్ణోగ్రతను బట్టి మారే ధర్మాలు చాలా ఉన్నాయి. బస్సు దిగిన ఊరిని బట్టి మారే ధర్మం గురించి ఎవరూ చెప్పలేదు.

అంతలో పెద్దాయన చూపు నా మీద పడింది. నేను శ్రద్ధగా నములుతున్నాను.

"ఏంది సామీ, అది చూయింగ్ గమ్మా? ముద్ద మింగాల. నమిలేదానికి కోడి ఉండాది గదా."

పక్కనున్న ముగ్గురూ నా గొంతు వైపే చూశారు. నిమ్మకాయంత తుంచి, ఊరిబిండిలో అద్ది, మింగాను. సగం దారిలో ఆగింది. చెల్లెలు వచ్చి, నర్సింగులో నేర్పినట్టే, నా వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది. కళ్ళు తుడుచుకుంటూ ఆ క్షణంలో ఒక విషయం గమనించాను. మింగేవాళ్ళకు గట్టి పచ్చడి పనికిరాదు, ముద్ద జారడానికి పలచటి పులుసు కావాలి. దీన్ని ఆరో అంశంగా చేర్చాను.

పెద్దాయన లేచిపోయాక గది యజమాని వచ్చాడు. వెంట సెల్‌ఫోన్ల అంగడి వాళ్ళు. చిన్నమ్మ ముందరే గోడలు టేపుతో కొలుచుకుని, అద్దాల బీరువా ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుని పోయారు. చిన్నమ్మ తపేలా కడగడం మొదలుపెట్టింది. కడిగిందే కడుగుతూ ఉంది.

"అమ్మా, రేపు అన్నం లేకుండా చేసి సూడు" అంది చెల్లెలు.

"అన్నం లేకుండా చేస్తే మా అమ్మ లేచొచ్చి నా వీపు పగలగొడతాది."

"అమ్మమ్మ కుప్పం దాకా రాదులేమ్మా. ఆమెకి బస్సు పడదు."

చిన్నమ్మకు నవ్వొచ్చింది. నవ్వాక ఒప్పుకోక తప్పలేదు.

మరుసటి రోజుకు నేను సెలవు పెట్టాను. కారణం దగ్గర సంగటి అని పెట్టలేక కుటుంబ అవసరం అన్నాను. చిన్నమ్మ నీళ్ళు మరగబెట్టి, అన్నం అనే ఒక్క పని మాత్రం వదిలేసి, మిగతాదంతా ఎప్పుడూ చేసినట్టే చేసింది. పిండి కుప్పగా పోసింది, కట్టెతో నడిమధ్య బొక్క పెట్టింది, మూత వేసింది, ఆవిరి పట్టాక కెలికింది. పైకి ముద్దలు నున్నగా, ఫోటోకి నిలబడేలా వచ్చాయి. పెద్దాయన అన్నం లేదని విని మళ్ళీ వచ్చాడు. విరిచాడు. లోపల్నుంచి పొడిపిండి పొగలా లేచి ఆయన మీసాల మీద వాలింది.

"అమ్మా, దీంట్లో ఉండే పిండి దులిపితే ఇంకో ముద్దకి సరిపోతాది" అన్నాడు, మీసాలు తుడుచుకుంటూ. "రేపు కూడా వస్తా. ఆమీద నా వల్ల కాదు."

నాకు ఆ పొడి చూడగానే విషయం తట్టింది. ఆమె వదిలేసింది అన్నం ఒక్కదాన్నే కాదు. మెత్తగా ఉడికిన అన్నం నీళ్ళను గంజిగా మారుస్తుంది. ఆ గంజి పిండి రేణువులను పట్టి కలుపుతుంది. ఉత్త నీళ్ళలో పడ్డ పిండికుప్పకు పైపొర మాత్రం ఉడికి గట్టిపడి, లోపలికి తడి పోనివ్వదు. జీవితమంతా అన్నం వేసి చేసినవాళ్ళకు మాత్రమే జరిగే పొరపాటు ఇది. చిన్నమ్మను కూర్చోబెట్టి మొదలుపెట్టాను. పిండిపదార్థం వేడినీళ్ళలో ఎలా ఉబ్బుతుంది, ఎంత వేడికి చిక్కబడుతుంది, చల్లారితే ఎందుకు బిగుస్తుంది. గాల్లో వేలితో ఒక రేణువు బొమ్మ కూడా గీశాను. పిడికెడు రాగిపిండి చన్నీళ్ళలో కలిపి, ముందు అది మరిగే నీళ్ళలో పోయాలని ముగించాను.

"అంటే ముందు జావ కాయమంటావు."

"అవును."

"ఈ మాటకి ఇంతసేపా నాయనా? ఆడ పొయ్యి మీద నీళ్ళన్నీ ఇంకిపోతాండాయి."

మరో రోజు సెలవు పొడిగించాను. జావ కాచి, దాని మీద పిండి పోసి, చెల్లెలు తపేలా పట్టుకుంటే చిన్నమ్మ చేతులు నొప్పి పుట్టేదాకా కెలికింది. పులుసు పలచగా చేసింది. ఊరిబిండిని మాత్రం ఆకు మీద నుంచి తీసేయమంటే వినలేదు, ఒక మూలకు జరిపింది. ముద్దలు నిగనిగలాడుతూ వచ్చాయి. ఎవరూ చూడకుండా నేను ఒక్కొక్క ముద్దలో సూది గుచ్చి లోపలి వేడి చూసుకున్నాను. అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. నా జీవితంలో అంత అందమైన అంకెలు టమోటా గుజ్జులో కూడా చూడలేదు.

పెద్దాయన వచ్చాడు. ఈసారి వెంట మండీ వాళ్ళు బెంచీ నిండా ఉన్నారు. చిన్నమ్మ గడప దగ్గరే నిలబడి, ముంగొంగు వేలికి చుట్టుకుంటూ ఆయన గొంతునే చూస్తోంది. ఆయన ముద్దను తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"అమ్మా, దీనికి ఇంజెక్షన్ ఎవురేసినారు?"

బెంచీ మీద వాళ్ళంతా ఎవరి ముద్ద వాళ్ళు తిప్పి చూసుకున్నారు. అన్నింటికీ సన్నటి బొక్క.

"ఇంట్లో నర్సు ఉండాదంటే ఏమో అనుకున్యా" అన్నాడు ఒకడు.

చిన్నమ్మ నా జేబులోంచి థర్మామీటరు లాక్కుని పప్పుల డబ్బాలో వేసి మూత బిగించింది. పెద్దాయన ఆ నవ్వుల్లోనే తుంచి, పులుసులో ముంచి, మింగాడు. ఇంకోటి మింగాడు. మూడోదానికి మాటలు ఆపేశాడు. రెండో ముద్ద ఆయన నోరు తెరిచి అడగలేదు. వడ్డించమన్నట్టు ఆకు ముందుకు జరిపాడు.

నేను మదనపల్లెకు తిరిగి వచ్చేశాను. నెలాఖరుకు చెల్లెలు ఫోన్ చేసి చెప్పిన సంగతి ఇది. పెద్దాయన ఒకరోజు మధ్యాహ్నం తిని వెళ్ళినవాడు, మెస్సు మూసేవేళకు ఒంటరిగా, చేతిలో టిఫిన్ క్యారియరుతో వచ్చాడట. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడట.

"అమ్మా, మా కోడలు చౌడేపల్లె పిల్ల. ఇప్పుడు కడుపుతో ఉండాది. ఏం పెట్టినా నోటికి పోవడంలేదంట. ఆ అన్నం సంగటి కావాలంటాంది. ఉండాదా?"

"అన్నం మిగల్లేదప్పా ఈ పొద్దు" అందట చిన్నమ్మ. "కొత్తగా ఎసరు పెట్టాల. కూర్చో."

ఆయన్ని కూర్చోబెట్టి, మెతుకులు బాగా కనబడేలా, చుట్టానికి వేసే కొలతతో వండి, ఊరిబిండితో సహా కట్టి ఇచ్చిందట. మరుసటి రోజు కడిగిన క్యారియరు మళ్ళీ వచ్చింది.

ఫోను చిన్నమ్మ తీసుకుంది. "ఆదివారం వచ్చేటప్పుడు పుంగనూర్లో దిగు. మా ఇంటి అటక మీద రెండో తపేలా ఉండాది, పెద్దది. ఎత్తుకొని రా. ఈడ ఒకే తపేలాతో రెండు తీర్ల వండేది నా వల్ల కావడంలేదు."

"గది ఆయన ఏమన్నాడు?"

"ఆయన కూడా ఈడే తింటాండాడు. వచ్చేటప్పుడు ఆ సూది ఇంకోటి తెస్తివో, బస్సు దిగనీను."

ఆదివారం ఆ తపేలాను ఒళ్ళో పెట్టుకుని కుప్పం బస్సులో కూర్చున్నాను. కండక్టరు దాని మూత ఎత్తి లోపలికి చూసి, "ఖాళీనా?" అన్నాడు, నిరాశగా.