భవాని కోసం రెండు బడులు చూసివచ్చాం

బడులు తెరిచి వారమైనా మా భవాని ఇంట్లోనే ఉంది. మా ఊరి బడి ఏడో తరగతితో సరి. ఆపైన చదవాలంటే నంద్యాల హాస్టల్లో ఉండాలి, లేదా రోజూ బస్సులో ఆళ్లగడ్డ పోయిరావాలి. మా ఆవిడ రమణమ్మకు రెండూ నచ్చలేదు.

"హాస్టలంటే నేను పంపను. ఆళ్లగడ్డకు తోడు ఎవరుండారు? ఒక్కతే యాడ పోతాది? ఏడు సాల్లే" అంది.

మా అక్కనూ ఇట్లాగే ఏడుతో మాన్పించారు. ఆ బాధ నాకింకా ఉంది. అందుకే శనివారం తపాలా పనికి సెలవు పెట్టి, జేబులో నోటుపుస్తకంతో భవానిని తీసుకుని బయల్దేరాను.

6.50కి ఊళ్లో బస్సెక్కాం. నాకు టికెట్టు, భవానికి ఆడవాళ్ల ఉచిత టికెట్టు. ఆళ్లగడ్డలో బస్సు మారి తొమ్మిదికి నంద్యాలలో దిగాం. బస్టాండు బయట బొరుగుల ఉగ్గాని, మిరప బజ్జీ తిన్నాం. మిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకున్నది నేను, నవ్వింది మా అమ్మాయి.

నంద్యాల బడి చూడ్డానికి రెండు కళ్లు చాలవు. సైన్సు గదిలో వరసగా గాజు సీసాలు, బీరువాల నిండా పుస్తకాలు. హెడ్మాస్టరు తానే వెంట తిరిగి చూపించారు. సోమవారమే చేర్చుకుంటామన్నారు. నోటుపుస్తకంలో 'చాలా బాగుంది' అని రాసుకున్నాను. హాస్టల్లో ట్రంకుపెట్టె సర్దుకుంటున్న ఒక పిల్లను భవాని అడిగింది: "ఇంటికి ఎప్పుడు పోతారు?"

"పండగలకి" అంది ఆ పిల్ల. భవాని నా చొక్కా పట్టుకుంది, బస్టాండు దాకా వదల్లేదు.

ఒంటిగంటన్నరకు ఆళ్లగడ్డ చేరాం. శిల్పుల షెడ్లలో రాయి చెక్కే చప్పుడు బడి దాకా వినిపిస్తోంది. గదులు తక్కువ, పుస్తకాల బీరువా ఒక్కటే. అయితే లెక్కల మేడం భవాని చేతికి సుద్దముక్క ఇచ్చి ఒక లెక్క చెయ్యమన్నారు. తప్పు చేసింది.

"తప్పయితే ఏందీ, తుడిపి మళ్లా చెయ్" అన్నారు మేడం.

రెండోసారికి లెక్క సరిగ్గా వచ్చింది. బయటికొచ్చాక కూడా చేతికంటిన సుద్ద దులుపుకోలేదు. "బస్సులో తోడెవరప్పా?" అని మేడం అడిగితే ఇంకా ఎవరూ లేరన్నాను.

4.30 బస్సులో భవాని పక్కన యూనిఫారం వేసుకున్న ఒక పిల్ల కూర్చుంది. పేరు షబానా, తొమ్మిదో తరగతి, ఇప్పుడు చూసొచ్చిన బడే. మా పక్క ఊరు. వాళ్ల నాయన పరుపులు కుడతాడట.

"ఈ బస్సులో నేనొక్కదాన్నే వస్తాండా. తోడు దొరక్కపోతే మాన్పిస్తానంటాండాడు మా నాయన" అంది కిటికీలోంచి చూస్తూ.

భవాని ఆ పిల్ల వైపు జరిగింది. "ఆ లెక్కల మేడం కొడ్తాదా?" అని అడిగింది.

"సామాన్యంగా కొట్టదు."

ఇక మా ఊరు వచ్చేదాకా ఇద్దరి మాటలకూ అడ్డే లేదు. నేను నోటుపుస్తకం తీయనేలేదు. బడి చూడబోయేవాళ్లకు నేను చెప్పేదొక్కటే: గదులు చూడండి, పుస్తకాలు చూడండి, తిరుగు బస్సులో ఎవరున్నారో కూడా చూడండి.

ఊళ్లో దిగేసరికి ఇంకా ఎండ ఉంది. రమణమ్మ స్టాపు దగ్గరే నిలబడి ఉంది.

"ఏ బడి బాగుంది?" అంది నాతో.

"షబానా పోయే బడి. రోజూ ఈ బస్సే" అంది భవాని.

షబానా కిటికీలోంచి చెయ్యి ఊపింది. రమణమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసి, బస్సు కదిలేలోగా కిటికీ దగ్గరికి నడిచింది.

"సోమవారం మా బిడ్డ వస్తాది. సీటు పట్టి పెట్టు పాపా."