ఐదు ఖాళీలు

జమీందారీ పోయినా ఎవరికీ తల వంచని ఇంటివాణ్ణి. అబిడ్స్ ఆఫీసులో, కంప్యూటర్‌లో టైపిస్టులు కొట్టే ఫిర్యాదులను వరసగా సర్దే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, నేనే రాశాను. అది కొన్ని పేరాలను విరిచి, తెర మీద విడి పెట్టెల్లో పడేస్తోంది; ఎందుకో అంతుపట్టలేదు. తప్పు టైపిస్టులదని హెచ్చరిక పంపు, లేదా ఉద్యోగం మానెయ్యి అన్నాడు మేనేజరు.

నాంపల్లి స్టేషన్లో ఆ చెదిరిన ఫిర్యాదుల కాగితాలు తిరగేస్తుంటే పక్కనున్న పెద్దావిడ తొంగిచూసింది. కోర్టు దగ్గర టైపిస్టట.

"పేరా మొదట్ల ఐదు ఖాళీలు కొట్టిన్రు బాబూ. మేమందరం గట్లనే నేర్చుకున్నం."

ఖాళీలతో మొదలైన వరసను నా స్క్రిప్టు పేరా కాదనుకుంటోందని అప్పుడర్థమైంది. "ఆ ఖాళీలు మానేయమని వాళ్లకి చెప్పాలి" అన్నాను.

"ముప్పై ఏండ్ల చెయ్యి ఇది. మీ మిషన్ నిన్న పుట్టింది. దాన్నే నేర్చుకోమను."

అంటూ బొటనవేలితో మోకాలి మీద ఐదుసార్లు తట్టింది.

మర్నాడు హెచ్చరిక పంపనని మేనేజరుతో అన్నాను. ఐదు ఖాళీలను పేరా మొదలుగానే తీసుకునేలా స్క్రిప్టు మార్చి, తప్పు నాదేనని చెదిరిన ప్రతి ఫిర్యాదు కిందా నా పూర్తి పేరుతో రాశాను.