చూడని బిడ్డకు కొలత

ఈ వేళ పొద్దున దినపత్రిక మడత విప్పగానే ఒక పసుపుపచ్చ కరపత్రం జారి పడింది. నంద్యాలలో మా వీధి చివర తెరవబోతున్న కొత్త బట్టల దుకాణం వాళ్ళది. మా పెద్దపిల్ల దాంతో పడవ చేసుకుంటానని పట్టుకుపోతుంటే ఆపి, మొదటినుంచి చివరిదాకా చదివాను. కరపత్రం కనబడితే చదవకుండా ఉండలేకపోవడం నాకు ఆళ్ళగడ్డలో అంటుకున్న అలవాటు. సరుకు సంగతి, ధర సంగతి తర్వాత, ముందు ఆ కాగితం ఎవరితో మాట్లాడుతోందో వెతుకుతాను. చిన్నవాడికి రెండు రోజులుగా దగ్గు, వాడు నిద్రలో కదిలినప్పుడల్లా కలం పక్కన పెట్టి లేచి చూసి వస్తున్నాను కాబట్టి ఈ రాత అక్కడక్కడా తెగినట్టుంటే, నాలాగే పిల్లలను పెంచుకుంటున్న నా ఈడువాళ్ళు సర్దుకుంటారనుకుంటాను.

డెబ్బైల చివర్లో నంద్యాల కాలేజీలో డిగ్రీ ముగించి ఆళ్ళగడ్డకు కోడలిగా వెళ్ళాను. మామగారికి కొంచెం పొలం, చర్చిలో పెద్దరికం. మా ఆయన బడిపంతులు. పెద్దపిల్లతో పాటే నాకు భయం కూడా పుట్టింది. అది తుమ్మితే ఆస్పత్రి, పాలు కక్కితే ఆస్పత్రి, హాయిగా నిద్రపోతే మరీ భయం, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. చేతికి పని ఉంటే మనసు కుదురుకుంటుందని అత్తగారు తన కుట్టుమిషను నా ముందుకు జరిపింది. మెత్తని నూలుబట్టతో పసిపిల్లల జుబ్బాలు, కుల్లాయిలు కుట్టడం మొదలుపెట్టాను. అవి కుప్పగా పేరుకున్నాక, అమ్మి చూడమని వీధివైపు గదిని మామగారు నాకిచ్చారు. ఇచ్చారంటే పూర్తిగా కాదు. ఎరువుల వ్యాపారి ఒకాయన బస్తాలు పెట్టుకోవడానికి అదే గది అడుగుతున్నాడు.

"క్రిస్మస్ దాకా చూస్తామ్మా. అప్పటికీ ఈగలు తోలుకుంటాంటే ఆయప్పకిచ్చేస్తా," అన్నారు మామగారు.

ఆ గదిలో కూర్చున్నంతసేపే నేను చదువుకున్నదాన్నని నాకు గుర్తుండేది. దాన్ని యూరియా బస్తాలకు వదులుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు. అందుకే కరపత్రం వేద్దామనుకున్నాను. తల్లులు నెలలు నిండకముందే బిడ్డ బట్టలు అమర్చుకోవాలని ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివిన గుర్తు. దాన్ని పట్టుకుని, కాలేజీలో వ్యాసరచన పోటీకి రాసినంత శ్రద్ధగా, "మాతృత్వపు మధురక్షణాలకై నిరీక్షిస్తున్న సోదరీమణులారా! జన్మించబోవు మీ చిన్నారికి వలసిన వస్త్రములను ముందుగానే సిద్ధపరచుకొనుడు" అని రాసి, నంద్యాలలో ఒక ప్రెస్సులో గులాబిరంగు కాగితం మీద అచ్చేయించి, సంతలోనూ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలోనూ పంచిపెట్టాను.

ఎవరూ రాలేదు. పైగా, నెలలు నిండినవాళ్ళు మా గది దగ్గరికి వచ్చేసరికి వీధి దాటి ఎదుటి పక్కన నడిచిపోవడం గమనించాను. ఎండకేమో అనుకున్నాను, కానీ ఎండ ఆ పక్కనే ఉంది. చివరికి పల్లెనుంచి వచ్చిన ఒక పెద్దామె, కడుపుతో ఉన్న కోడలిని దూరంగా నిలబెట్టి, తానొక్కతే మెట్టెక్కి వచ్చి ఆ గులాబి కాగితాన్ని నా మిషను మీద పెట్టింది. ఎవరితోనో చదివించుకున్నట్టుంది.

"ఏందమ్మీ ఇది? దేవుడు ఇయ్యకముందే నువ్వు కొలతలు తీస్తాండావా?"

నేనేదో చెప్పబోయాను. ఆమె వినలేదు.

"నీకూ ఒక బిడ్డుండాది గదా. కానుపుకు ముందు నువ్వేమన్నా కుట్టుకుంటివా?"

కుట్టుకోలేదు. మా పిల్లను మొదట చుట్టింది మా అమ్మ పాతచీర ముక్కలోనే. పురిటిస్నానం చేయించి పురుడు పోసేదాకా బిడ్డ ఒంటికి కొత్తబట్ట తగలనివ్వరు. ఇక పుట్టకముందే తెచ్చి ఇంట్లో పెట్టుకోవడమంటే, అది నోటితో అనకూడని మాట. శకునాలు పట్టించుకోము అని చెప్పుకునే చర్చివాళ్ళం మేము కూడా ఈ ఒక్క విషయంలో ఊరితోనే ఉండేవాళ్ళం. ఇదంతా తెలిసినదాన్నే, కలం పట్టగానే నా కళ్ళముందుకు ఆ పత్రికలోని తల్లి వచ్చి కూర్చుంది, మా వీధిలో నడిచే తల్లి ఎటుపోయిందో. ముందే ఎందుకు వద్దనలేదని అత్తగారి మీద విసుక్కున్నాను.

"నాకు సదివి వినిపిస్తివి గానీ, ఆ మాటలు అర్థమైతే గదమ్మే వద్దనేది!" అంది ఆమె, నవ్వు ఆపుకోకుండా.

సిగ్గు పడాల్సిన చోట నాకు ఆరాటం పట్టుకుంది. తల్లి ముందుగా కొనదు, కన్నాక బాలింత బజారుకు రాదు, మరి పసిబిడ్డకు తొలి చొక్కా తెచ్చేదెవరు? నా భయం పుణ్యమా అని ఆస్పత్రి బెంచీ నాకు కొత్తది కాదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళ చేతులు చూడటం మొదలుపెట్టాను. కానుపుకు వచ్చేవాళ్ళ మూటల్లో పాతచీరలు, చూడవచ్చేవాళ్ళ చేతుల్లో రొట్టె, బిస్కెట్లు, కాగితంలో చుట్టిన ద్రాక్ష. ఒకరోజు గేటు పక్క రొట్టెల అంగడి ముందు ఒక కుర్రవాడు ఎటూ తేల్చుకోలేక తిరుగుతున్నాడు. వెలుగోడు నుంచి బస్సు దిగాడట, భార్య ఆళ్ళగడ్డలో పుట్టింట కనిందట, కబురు ఆలస్యంగా అందిందట. అంగడాయన అతన్ని ఆటపట్టిస్తున్నాడు.

"పుట్టినోనికి రొట్టె తీసుకపోతాండావా అప్పా? నమిలేదానికి వానికి పండ్లు యాడుండాయి?"

"ఏం తీసుకపోవల్లో నాకేం తెలుస్తాదన్నా? ఉత్తచేతుల్తో పోతే మా అత్త మొగం ఎట్ల పెడుతాదో అదొక్కటి తెలుసు."

నేను ఉండబట్టలేక, పక్కవీధిలో మా ఇంట్లో జుబ్బాలున్నాయి రమ్మన్నాను. అతని ముఖం వెలిగి, అంతలోనే వాడిపోయింది.

"వాడెంతుండాడో నేనింకా చూళ్ళేదు గదక్కా. సరిపోకుంటే నగుతారు."

ఇన్నాళ్ళూ నా కాగితం మాట్లాడవలసింది ఇతనితో. అతనికి కావలసింది మధురక్షణాలు కావు, అత్తవారి ముందు నవ్వులపాలు కాకుండా ఒక దారి. అతన్ని ఇంటికి తీసుకువెళ్ళి, పుట్టి ఎన్ని దినాలైందో అడిగి ఒక జుబ్బా ఇచ్చి పంపాక, అతని మాటలతోనే కొత్త కరపత్రం రాశాను. "బిడ్డను చూడను పోతాండారా? ఉత్తచేతుల్తో ఎందుకు పోతారు? పుట్టి ఎన్ని దినాలైందో చెప్తే చాలు, కొలత మాకొదిలిపెట్టండి. పురుడు పోసినాక తొడగను మెత్తని జుబ్బాలుండాయి. సరిపోకుంటే మార్చిస్తాం." ఈసారి అత్తగారికి వినిపిస్తే, మధ్యలోనే తల ఊపడం మొదలుపెట్టింది. ప్రెస్సాయన మాత్రం కళ్ళజోడు తీసి నన్ను జాలిగా చూశాడు.

"ఏందక్కా, ఇంట్లో మాట్లాడుకున్నట్లుండాదే! అచ్చుకెక్కేదానికి కొంచెం గట్టిగా ఉండొద్దా?"

ఇట్లాగే వెయ్యమన్నాను. ఆ కాగితాలు సంతలో పంచలేదు, బస్టాండులో ఊళ్ళనుంచి దిగేవాళ్ళకు ఇప్పించాను. మొదట ఒక తాత వచ్చాడు, తర్వాత ఒక మేనమామ, ఆపైన కొత్తగా తండ్రులైన కుర్రవాళ్ళు. క్రిస్మస్ దగ్గరపడుతున్నా, గది సంగతి మామగారిని నోరు తెరిచి అడిగే ధైర్యం లేదు. ఒక మధ్యాహ్నం పిల్లకు పాలిచ్చి వచ్చేసరికి, గదిలో ఎవరితోనో ఆయన గొంతు వినిపించింది. ఎరువులాయనేమోనని తలుపు పక్కనే నిలబడిపోయాను.

"ఎన్ని దినాలైందప్పా పుట్టి? ఆ, అయితే ఇది తీసుకో. కొలత మాకొదిలిపెట్టు," అంటున్నారు మామగారు.

గది సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఎనభైల్లో మా ఆయనకు బదిలీ అయి నంద్యాలకు వచ్చాం, మిషనూ, అంగడీ మాతోనే వచ్చాయి. చిన్నవాడు కడుపులో ఉన్నప్పుడు చుట్టూ అరలనిండా బుల్లి చొక్కాలే, ఒక్కటి కూడా వాడికని పక్కకు తీయలేకపోయాను. చెయ్యి వెళ్ళేది, వెనక్కి వచ్చేది.

ఇప్పుడు కాన్పులు నర్సింగుహోముల్లో అవుతున్నాయి, ఫోను బూత్‌లున్నాయి, తండ్రులు వరండాలోనే కాచుకుని ఉండి బిడ్డను అందరికన్నా ముందు చూస్తున్నారు. అంగడికి వచ్చి, మూడు కిలోలక్కా, దానికి తగింది ఇవ్వండి అంటున్నారు. భార్య పక్కన ఉండటం ఎంత మంచిదో, అంత భయపడ్డ నాకంటే ఎవరికి తెలుసు? అయినా, ఇంకా చూడని బిడ్డ ఎంతుంటుందో తెలియక, బస్సు దుమ్ముతో వచ్చి నా ముందు నిలబడి, గాలిలో రెండు అరచేతులూ ఎడంగా పెట్టి, కాదేమోనని కొంచెం దగ్గరికి జరిపి, అంతలో ఆశపడి మళ్ళీ కొంచెం ఎడం చేసే ఆ కుర్రవాళ్ళు ఇప్పుడు రావడం లేదు.