కావాలని

వడ్రంగి షాపులో అందరూ అతన్ని నవ్వుల మేస్త్రి అనేవాళ్లు. ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే అతనికి పొద్దు గడిచేది కాదు. ఎక్కువగా బలయ్యేది బావే, అంటే అతన్ని తల్లిలా పెంచిన అక్క భర్త. ఇద్దరూ ఒకే షాపులో పనిచేసేవాళ్లు. బావకి చక్కిలిగింతలు మరీ ఎక్కువ. డొక్కలో వేలు పెడితే చాలు, అంత భారీ మనిషీ గెంతులేసేవాడు. తర్వాత నాలుగు తిట్లు, ఆపైన ఇద్దరూ కలిసి టీ.

ఆ రోజు బావ స్టూలెక్కి బీరువా పైఅంచుకి పాలిష్ వేస్తున్నాడు. మేస్త్రి పిల్లిలా వెనకనుంచి వెళ్లి డొక్కలో వేలితో పొడిచాడు. బావ ఎగిరిపడి, స్టూలు మీంచి చెయ్యి ఆనించి కింద పడ్డాడు. కుడి మణికట్టు నుజ్జయింది. ఆ చెయ్యి మళ్లీ ఉలి పట్టలేదు.

ఆసుపత్రిలో అక్క ఒక్కటే అడిగింది, కావాలనే చేశావా అని. అతను ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. తర్వాత అక్కాబావా అతని మీద దావా వేశారు. పరిహారం సంగతి మేస్త్రికి పట్టలేదు. వీడు కావాలని చెయ్యలేదని జడ్జిగారి నోట అక్క వినాలి, అంతే. పిచ్చివాడు, ఆ మాటకి ఇంట్లోనూ కోర్టులోనూ ఒకే అర్థం అనుకున్నాడు.

బావ ఎగిరిపడతాడని తెలీదని చెప్పమంటూ మేస్త్రి తరపు వకీలు చెవినిల్లు కట్టుకుని పోరాడు. బోనెక్కాక జడ్జిగారు సరిగ్గా అదే అడిగారు.

"తెలుసండి. ఎగిరిపడతాడనే కదండీ వేలు పెట్టేది. పడిపోవాలని మాత్రం అనుకోలేదు."

"స్టూలు మీద ఉన్నాడని చూశారా?"

"చూశానండి."

అక్క ఎదురుగా అబద్ధమాడటానికి అతనికి నోరు రాలేదు.

తీర్పు రోజున జడ్జిగారు నిదానంగానే వివరించారు. మనసులో పగ ఉందా, సరదా ఉందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదట. చెయ్యి వేసింది పొరపాటున కాదు, స్టూలు మీద మనిషి ఉలిక్కిపడతాడనీ తెలుసు. చట్టానికి ఉద్దేశమంటే అదేనట, కీడు కోరుకోనక్కర్లేదట. చివర్న, కావాలనే చేశాడని తేల్చారు. అంత తెలిసీ ఎందుకు పొడిచానా అని మేస్త్రికి మొదటిసారి తన మీద తనకే అసహ్యం వేసింది.

వరండాలో అక్కకి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

"అక్కా, నీ మీద ఒట్టు. బావకి దెబ్బ తగలాలని కాదే."

బావ తల తిప్పుకున్నాడు. పుట్టినప్పట్నుంచీ ఒరేయ్ అని తప్ప పిలవని అక్క, అతని మొహంలోకి చూస్తూ అంది.

"మీరు కాస్త పక్కకి జరగండి. మేం వెళ్లాలి."