లోపలి కుట్టు

ఆ కబురు సుభాషిణికి ఫోన్లో తెలిసింది. బందరులో, కోనేరు సెంటరుకు రెండు వీధుల అవతల, ఇరుకు దుకాణంలో కూర్చుని ఆమె ఒక బూటు మడమ తోలుకు జిగురు రాస్తోంది. గుడివాడ నుంచి ఇందిరాదేవి టీచరుగారి అమ్మాయి అక్షిత మాట్లాడింది.

"ఆంటీ, అమ్మకి కుడికాలు చిటికెన వేలూ, దాని పక్క వేలూ తీసేశారు. మీరిచ్చిన బూటు లోపల ఏదో ఒరుసుకుని పుండు పడిందని చెప్పారు. గొడవ పెట్టుకోవడానికి చెయ్యలేదండీ. ఇంకెవరికైనా అలాంటివి ఇచ్చి ఉంటే చూసుకుంటారని."

"ఎప్పుడమ్మా?" అనగలిగింది సుభాషిణి.

"గురువారం. నిన్ననే ఇంటికి తీసుకొచ్చాం."

ఫోను పెట్టేశాక తోలు మీద జిగురు ఎండిపోయేదాకా ఆమె అలాగే కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న తండ్రి యలమంద ఏమైందని రెండుసార్లు అడిగాడు. మూడోసారికి చెప్పింది.

యలమందది దివిసీమలో నాగాయలంక. పొలానికి వెళ్ళే రైతులకు చెప్పులు కుట్టిన చెయ్యి అతనిది. ప్లాస్టిక్ చెప్పులొచ్చి ఆ పని పోయాక బందరు చేరాడు. షుగరు రోగులను చూసే ఒక డాక్టరుగారు పాతికేళ్ళ కిందట అతన్ని పిలిపించి, కాళ్ళల్లో స్పర్శ పోయినవాళ్ళకు మెత్తటి బూట్లు కుట్టగలవా అని అడిగారు. అలాంటివాళ్ళకు మేకు గుచ్చుకున్నా తెలియదు, చెప్పులో రాయి ఉన్నా సాయంత్రం దాకా నడుస్తూనే ఉంటారు. వాళ్ళ కాలికి బయటి రాయి ఎంత ప్రమాదమో, బూటు లోపల కుట్టు ఎత్తుగా ఉన్నా అంతే ప్రమాదం. యలమంద ఆ సంగతి మొదటి వారంలోనే గ్రహించాడు. జత పూర్తయ్యాక బూటులోకి చెయ్యి దూర్చి, మణికట్టు లోపలి పక్కను అస్తరంతటా ఆనించి చూసేవాడు. ఎన్నో ఏళ్ళుగా తోలుకు చిల్లులు పొడిచే ఆరె పట్టీ పట్టీ అతని వేళ్ళ చివర్లు కాయలు కాచిపోయాయి. వాటికి ఏమీ తెలియదు. మణికట్టు చర్మం ఒక్కటే మెత్తగా మిగిలింది.

సుభాషిణి అసలు ఈ పనిలోకి రావాలనుకోలేదు. పదో తరగతి అయ్యాక చిలకలపూడిలో రోల్డుగోల్డు కమ్మలకు రాళ్ళు పొదిగే పనికి వెళ్ళింది. పదకొండేళ్ళు చేసింది. ఆటో నడిపే జీవన్ కుమార్‌తో పెళ్ళయ్యాక కూడా మానలేదు. తండ్రి బొటనవేలి కీలు అరిగిపోయి, దారం లాగి బిగించలేకపోతున్నాడని తెలిసిన రోజున ఆ పని మానేసి వచ్చి దుకాణంలో కూర్చుంది. ఆమెకు చేతి కుట్టు అంత వేగంగా రాలేదు. బ్యాగుల దుకాణం ఒకటి మూసేస్తుంటే వాళ్ళ కుట్టుమిషన్ తెచ్చుకున్నారు. బల్లలా చదునుగా ఉండే మిషన్ అది. సంచి గుడ్డ, బెల్టు తోలు దాని మీద సాఫీగా పోతాయి. మడమ దగ్గర, వేళ్ళ పక్కన బూటు తోలుకు గుండ్రటి వంపు ఉంటుంది. ఆ వంపును చదును చేసి నొక్కిపడితేగాని సూది కిందికి వెళ్ళదు. అలా నొక్కినప్పుడు పైతోలు బాగానే కనిపిస్తుంది, లోపల అస్తరు మాత్రం ముడత పడుతుంది. సుభాషిణి ఒడుపు నేర్చుకుంది. రెండేళ్ళ పాటు ఆ ముడతను తప్పిస్తూనే వచ్చింది.

ఒక్కసారి తప్పించలేదు.

మర్నాడు ఒక్కతే గుడివాడ బస్సెక్కింది. పెడన దాటింది, గుడ్లవల్లేరు దాటింది. పక్కసీటావిడ ఏదో అడిగితే ఏం జవాబు చెప్పిందో ఆమెకే తెలియదు.

ఇందిరాదేవి గారు ముందుగదిలో మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నారు. హైస్కూల్లో ముప్పయ్యారేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సన్నటి మనిషి, గొంతు మాత్రం తరగతిగది చివరి బెంచీ దాకా వినిపించే గొంతు. బూట్లు మంచం కింద ఉన్నాయి. సుభాషిణి కుడి బూటు తీసి కిటికీ దగ్గరికి వెళ్ళి, సంచిలోంచి బ్లేడు తీసి అస్తరు కోసింది. చిటికెన వేలు ఆనేచోట బియ్యపుగింజంత ముడత. దాని చుట్టూ మరక గట్టిపడి ఉంది.

"ఏమిటది?" అన్నారు ఇందిరాదేవి.

"ముడత అండీ. కుట్టు కింద." సుభాషిణి అక్కడే నేల మీద కూర్చుంది. చెప్పకుండా తిరిగి వెళ్ళిపోవచ్చు. దారి పొడుగునా ఆ ఆలోచన వచ్చింది కూడా. "ఇది నాకు ముందే తెలుసు టీచరుగారూ."

తల్లి పక్కన నిలబడ్డ అక్షిత ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ముందే అంటే?"

"మీకిచ్చే రోజునండీ. చేతికి తగిలింది. నాన్న ఊళ్ళో లేడు. మీరు బస్టాండులో దిగామని ఫోన్ చేశారు. విప్పి మళ్ళీ కుట్టాలంటే ఇంకో రోజు పడుతుంది. వేసుకుంటే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను."

"నీ కాలైతే సర్దుకునేది. నొప్పెడితే విప్పేసేదానివి." ఆవిడ గొంతు పెంచలేదు. "నాకు నొప్పి లేదు కదమ్మా. మా చెల్లెలి ఊరెళ్ళి ఆ బూట్లతోనే తొమ్మిది రోజులు తిరిగాను. ఎంత మెత్తగా ఉన్నాయో అని అందరికీ చూపించాను."

సుభాషిణి తల వంచుకుంది.

"తప్పు చేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. దిద్దుకు రమ్మని పంపేదాన్ని. నిన్నేం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఇవాళ్టికి వెళ్ళు."

ఇంటికొచ్చి ఆమె అన్నం తినలేదు. జరిగింది జరిగినట్టు తండ్రికి చెప్పింది. యలమంద తిట్టలేదు. గోడనున్న పాత సంచి దించి, ఆరె, మైనం పట్టిన దారం తీసి, "ఆ మిషన్ పక్కన పెట్టెయ్. చేత్తోనే కుడదాం" అన్నాడు. ఆ సాయంత్రం ఒక మడమ మొదలుపెట్టాడు. నాలుగు కుట్లు పడ్డాయి. ఐదోది బిగించేటప్పుడు బొటనవేలు మొరాయించింది. పళ్ళతో లాగబోయాడు. సుభాషిణి అతని చేతిలోంచి దారం తీసేసుకుంది. 

మరునాటి నుంచి ఆమె కొత్త పని ఏదీ ఒప్పుకోలేదు. ఆ మిషన్ మీద కుట్టిన జతలన్నీ ఎవరెవరికిచ్చిందో గుర్తుచేసుకుని, జీవన్ కుమార్ ఆటోలో ఇల్లిల్లూ తిరిగింది. చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక. వాకిట్లోనే బూట్లు అడిగి తీసుకుని మణికట్టు లోపల పెట్టి చూసేది. కొందరు నవ్వారు. కొందరు కంగారుపడి కాళ్ళు చూసుకున్నారు. ఐదు జతల్లో ఆమెకు అనుమానం కలిగింది. అవి వెనక్కి తెచ్చేసింది. అవనిగడ్డలో ఒక ముసలాయన బాగున్నాయి, ఇవ్వనని భీష్మించుకుంటే, ఆయన ఎదుటే విప్పి, అస్తరు పీకి చూపించి, దండం పెట్టి మరీ పట్టుకొచ్చింది.

నెలన్నర తర్వాత ఇందిరాదేవి గారే ఫోన్ చేశారు.

"పుండు మానుతోంది. ఎడమకాలు బాగానే ఉంది, అది బాగానే ఉండాలి. నాకు బూట్లు కావాలి సుభాషిణీ. ఇక్కడ దొరికేవి సరిపోవడం లేదు. నువ్వు కుట్టు. ఆ మిషన్ మీద మాత్రం వద్దు."

"మళ్ళీ నేనా అండీ?"

"ముడత ఎక్కడ పడుతుందో ఇప్పుడు నీకు తెలిసినంతగా ఇంకొకళ్ళకి తెలియదు."

అలా మిషన్ వెతుకులాట మొదలైంది. మొదట తండ్రీకూతుళ్ళు బెజవాడలో ఒక పెద్ద షాపుకు వెళ్ళారు. అక్కడి మనిషి చదునైన తోలుముక్క పెట్టి గజం పొడుగు కుట్టు క్షణంలో లాగించి చూపించాడు. గీత గీసినట్టుంది. సుభాషిణి సంచిలోంచి తను కత్తిరించి తెచ్చుకున్న మడమ ముక్క తీసి, దీని మీద కుట్టి చూపించమంది. "కొన్నాక కుట్టుకోండమ్మా, డెమో అంటే ఇంతే" అన్నాడతను. ఆమె ముక్కను మళ్ళీ సంచిలో పెట్టుకుని బయటికొచ్చేసింది.

గుడివాడలో రైల్వేస్టేషనుకు కాస్త దూరంలో ఏడుకొండలు షెడ్డు ఉంది. ట్రాక్టర్లకు, కార్లకు సీట్లు కుడతాడు. మూతపడ్డ కార్ఖానాల మిషన్లు కొని, బాగుచేసి అమ్ముతాడు. తండ్రీకూతుళ్ళు వెళ్ళేసరికి మూడు మిషన్లు శుభ్రంగా తుడిచి పెట్టాడు.

"బాబాయ్, ఇది ఏనుగనుకో. నాలుగు మడతల తోలైనా లెక్కచెయ్యదు" అని మొదటిదాని మీద చెయ్యి వేశాడు.

సుభాషిణి కూర్చుని తన ముక్క కుట్టింది. కుట్టు గట్టిగా పడింది. తిప్పి చూస్తే మెత్తటి అస్తరు మీద, తోలును ముందుకు లాగే మిషన్ పళ్ళ గాట్లు వరసగా ఉన్నాయి. అదీగాక ఇదీ చదును బల్లే. పక్కన పెట్టేసింది.

రెండోదానికి బల్ల లేదు, చాచిన చెయ్యిలా ఒక గొట్టం ముందుకొచ్చి ఉంది. బ్యాగుల మూతులకు, బూటు మెడలకు బాగుంటుందన్నాడు ఏడుకొండలు. మడమ సగం దాకా చక్కగా తిరిగింది. మిగతా సగం గొట్టం అడ్డుపడి గుంజుకుపోయింది.

మూడోది చూడటానికి ముసలిది. రంగు పెచ్చులూడింది. బల్ల మీద జానెడు స్తంభం నిలబెట్టినట్టుంది. ఆ స్తంభం కొసన సూది దిగుతుంది. తోలును నొక్కిపట్టడానికి పలక బదులు చిన్న చక్రం ఉంది. దీన్ని పోస్ట్ మిషన్ అంటారని, బూట్ల కార్ఖానాలో పనిచేసిందని ఏడుకొండలు చెప్పాడు. సుభాషిణి మడమ ముక్కను స్తంభం మీద వేసింది. అది తన వంపు తను పోగొట్టుకోకుండా చుట్టూ కిందికి వేలాడింది. నొక్కాల్సిన పనిలేదు, చదును చెయ్యాల్సిన పనిలేదు. ఆమె పెడలు మీద కాలు పెట్టిందో లేదో మిషన్ పరుగెత్తి ముక్క అంచు దాటిపోయింది.

"మోటారు దూకుడుగా ఉందన్నా. కుట్టూ కుట్టూ ఆగి ఆగి పడాలి నాకు."

"నెమ్మదిగా నడిచే మోటారుంది, బిగించిస్తా. కానీ చెల్లెమ్మా, ముందే చెప్తున్నా, దీని కింది దారం చుట్టే బాబిన్ చిన్నది. ఊరికూరికే అయిపోద్ది. కుట్లు మరీ దగ్గరగా పెట్టకు, తోలు చిల్లుల వెంట చిరిగిపోద్ది."

మోటారు మార్చాడు. సుభాషిణి కుట్టింది. యలమంద ముక్కను తీసుకుని కళ్ళు మూసుకుని మణికట్టుకు ఆనించాడు. కూతురి ముందుకు చాపాడు.

"నువ్వు చూడు."

"నేను చూస్తే ఏముంది నాన్నా? ఆ రోజూ చూశానుగా."

"చూశావు. తెలిసీ ఊరుకున్నావు. ఏ మిషన్ కొన్నా ఆ ఊరుకోవడం మళ్ళీ రావచ్చు. అందుకే నువ్వు చూడమంటున్నా."

ఏడుకొండలు ఎటో చూస్తూ నిలబడ్డాడు. సుభాషిణి ముక్క అందుకుని చేతికి ఆనించింది. వంపు తిరిగేచోట ఏదో లీలగా తగిలింది. ఉందో లేదో తెలియనంత. మనసు వెంటనే 'ఇంతేగా' అంది. ఆ మాట తనలోంచే రావడం ఆమె విన్నది. విప్పేసింది. మళ్ళీ కుట్టింది. ఏడుసార్లు విప్పి కుట్టేసరికి భోజనాల వేళ దాటిపోయింది.

"కొంటారా, ఇక్కడే కాపురం పెడతారా?" అన్నాడు ఏడుకొండలు, టీ తెప్పిస్తూ.

ఎనిమిదోసారి కుట్టాక మణికట్టుకు ఏమీ తగల్లేదు. ఆమె తండ్రికి చూపించలేదు. "ఇది తీసుకెళ్తామన్నా" అంది.

బందరులో ఉన్న తమ పాత చదును మిషన్ను అతనికే ఇచ్చేసింది. "సీట్లకి వాడుకో. బూట్లు కుట్టేవాళ్ళెవరైనా అడిగితే మాత్రం ఇవ్వకు" అని మాట తీసుకుంది. మిగతా ఏర్పాట్లు జీవన్ కుమార్ చూసుకున్నాడు. స్నేహితుడి ట్రాలీ ఆటోలో గోనెసంచుల మధ్య మిషన్ను కట్టి, గతుకు వచ్చిన ప్రతిచోటా ఆపి చూసుకుంటూ బందరు చేర్చాడు.

ఆ మిషన్ అంత తేలిగ్గా మాట వినలేదు. మడమ మధ్యలో బాబిన్ అయిపోయి ముడిపడేది. లోపల ముడి ఉంటే అదీ ఒక రాయే. ప్రతి మడమకూ ముందు కొత్త బాబిన్ ఎక్కించడం అలవాటు చేసుకుంది. ఇందిరాదేవి గారి కొలతలకు మూడుసార్లు గుడివాడ వెళ్ళింది. వేళ్ళు లేనిచోట పెట్టే మెత్తటి దిండు మొదట ఎత్తయింది, తర్వాత పల్చనయింది. మూడో జత తీసుకెళ్ళినప్పుడు ఆవిడ బూటు ఒళ్ళో పెట్టుకుని, చీర అంచు సర్దుకుని, తన మణికట్టే లోపలికి పెట్టి చూశారు.

"నాకేం తగల్లేదు. అలాగని నిన్ను నమ్మాననుకోకు. రోజూ విప్పి చూసుకుంటాను."

"చూసుకోండి టీచరుగారూ. అదే చెప్పబోతున్నా."

ఆ తర్వాత రెండేళ్ళలో ఆవిడ మరో రెండు జతలు కుట్టించుకున్నారు. ఎడమకాలికి ఏమీ కాలేదు. క్షమించానని మాత్రం ఎన్నడూ అనలేదు. సుభాషిణి అడగనూ లేదు.

ఇప్పుడు దుకాణానికి ఎవరొచ్చినా కొలత తీసుకునే ముందే ఆమె ఆ సంగతి చెబుతుంది. నా చేతి తప్పు వల్ల ఒకావిడకు రెండు వేళ్ళు పోయాయి, నేను జాగ్రత్తగానే కుడతాను, అయినా సరే నన్ను నమ్మి ఊరుకోకండి, రోజూ సాయంత్రం కాలు కింద అద్దం పెట్టి చూసుకోండి అని. బేరం పోగొట్టుకునే మాటలని యలమంద చాలాసార్లు గొణిగాడు. మొన్నొకరోజు మంగినపూడి నుంచి వలల పని చేసే ఒకాయన వచ్చాడు. అంతా విన్నాడు. ముఖం ముడుచుకుని లేచాడు.

"అట్టా చెప్తే ఎవడు కుట్టించుకుంటాడమ్మా నీ దగ్గర?" అని వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత భార్యను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, తను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాకు కళ్ళు ఆనవు. రోజూ చూడాల్సింది ఇదే. ఆ రోజు నాకు చెప్పిందంతా దీనికీ చెప్పు."

సుభాషిణి చేతిలో పని పక్కన పెట్టి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.