బాంబరుకు ఆయుధపూజ

నాకో జబ్బుంది. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు అది వంకరగా ఉందేమో చూస్తాను. పెళ్లిచూపులకు వెళ్లి గోడమీది గడియారం ఓ పక్కకు వాలిందని లేచి సర్దబోయానని మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్తుంది. సూరత్ పక్కన హజీరాలో పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం నాది. పొద్దంతా తప్పులు పట్టడమే పని. ఇంటికొచ్చాక ప్లాస్టిక్ ముక్కలు అతికించి పాత విమానాల నమూనాలు చేస్తాను. అక్కడా తప్పులు పట్టడమే, కాకపోతే అవి నావి.

మా ప్లాంటులో కొత్త యంత్రం బిగించడానికి ఓ జర్మన్ ఇంజనీరు వచ్చాడు. నా ఈడువాడే. మనిషి మంచివాడు, మాట తక్కువ. ఓ ఆదివారం భోజనానికి పిలిస్తే అడాజన్‌లోని మా ఫ్లాటు దాకా వచ్చి, గుమ్మం ముందు ఆగిపోయాడు. తలుపు మీద ఎర్రటి స్వస్తిక్ ఉంది. ఎదురింటి గుజరాతీ ఆవిడ పండక్కి తన తలుపుతో పాటు మా తలుపుకూ పెట్టింది. ఇక్కడ దీన్ని సాథియో అంటారు, శుభానికి పెడతారు, మీ దేశంలో జరిగినదానికీ దీనికీ సంబంధం లేదు అని గబగబా చెప్పాను. "తెలుసు, చదివాను. కానీ కాళ్లకు తెలియలేదు" అని నవ్వి లోపలికి వచ్చాడు.

అప్పుడే నా విమానాల అలమర చూశాడు. చాలాసేపు చూశాడు. కొన్ని వారాల తర్వాత క్యాంటీన్లో ఫోను నా ముందు పెట్టాడు. పాత ఫోటో. రెండింజన్ల జర్మన్ బాంబరు, ముక్కంతా అద్దాలే. దాని కడుపు కింద ఓ కుర్రాడు నవ్వుతూ నిలబడ్డాడు. వాళ్ల తాతట. ఆ విమానంలో వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి ఇతని తండ్రి ఇంకా పుట్టలేదు.

"ఈ ఫోటో మా ఇంట్లో ఎప్పుడూ సొరుగులోనే ఉంటుంది, బోర్లా. నాన్నకు తీసి చూడాలని ఉంటుంది. చూస్తే తప్పు చేసినట్టుంటుంది. ఆ విమానాలు ఏం చేశాయో మాకు బాగా తెలుసు" అన్నాడు. ఆ తండ్రికి ఇప్పుడు ఎనభై దాటాయి. కంటిచూపు తగ్గుతోందట. ఆయనకు ఒక్కటే తెలుసుకోవాలని ఉంది: తన తండ్రి ఆ విమానంలో ఎక్కడ ఉండేవాడు?

"చేసిపెడతావా? తీసుకుంటాడో, పెట్టె కూడా విప్పడో చెప్పలేను. తోక మీద ఉండే ఆ స్వస్తిక్ గుర్తు మాత్రం వద్దు. అది ఉంటే చేత్తో ముట్టుకోడు."

సరేనన్నాను. కిట్టు తెప్పించాను. డెబ్బై రెండో వంతు సైజు, రెక్క చివర నుంచి రెక్క చివరకు అడుగు ఉంటుంది, ఆ లెక్కన అందులో మనిషి బొటనవేలి కణుపంత ఉంటాడు.

మొదటిరోజే నా జబ్బు బయటపడింది. అద్దాల ముక్కు ముక్కలు పెట్టి చూస్తే మధ్యలోకి రావడం లేదు, కుడివైపుకి పోయింది. వెర్నియర్ పెట్టి కొలిచాను. వంకరే! ఎంత డబ్బు తీసుకుని ఏం పంపారురా అని కంపెనీని తిట్టుకుంటూ ఫిర్యాదు కూడా రాయబోయాను. దేనికైనా మంచిదని పాత ఫోటోలు తెరిచి చూద్దును కదా, అసలు విమానం ముక్కే వంకర! పైలటు ఎడమవైపు కూర్చుంటాడు. అతనికి ముందు దారి సరిగా కనపడాలని ముక్కుని కావాలనే కుడికి జరిపారు. నాకు నవ్వాగలేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏమైంది, అంత నవ్వు?" అంది. "దీనికీ ముక్కు వంకరే" అన్నాను. నా వైపు ఓ చూపు చూసి వెళ్లిపోయింది.

ఇక అసలు ప్రశ్న మిగిలింది. తాతగారి చోటు ఏది? ఫోటోతో తేలదు, ఎక్కేవాళ్లందరూ ఆ కడుపు కింది తలుపులోంచే ఎక్కేవారు. ఇంట్లో ఏమైనా మాట మిగిలిందా అని అడిగితే మా జర్మన్ మిత్రుడు తండ్రికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. వాళ్ల నానమ్మ చెప్పేదట: ఆయన ప్రయాణమంతా బోర్లా పడుకునే చేసేవాడని. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ లోపలి బొమ్మలు చూస్తే బోర్లా పడుకునే చోట్లు రెండున్నాయి. ముక్కులో బాంబు గురిచూసేవాడొకడు, కడుపు కింది తొట్టిలో తుపాకీవాడొకడు. వారం రోజులు ఇదే ధ్యాస. స్నానం చేస్తూ కూడా ఆ తొట్టిలోనే ఉన్నాను.

మళ్లీ అడిగించాను, నానమ్మ ఇంకేమైనా అనేదా అని. అనేదట. "రాబోయే ఊరు కనపడదు, దాటిపోయిన ఊళ్లే కనపడతాయి" అని ఆయన చెప్పినట్టు.

అంతే, తేలిపోయింది. ముక్కులో ఉన్నవాడికి ముందున్నది కనిపిస్తుంది. కడుపు కిందివాడు వెనక్కి తిరిగి పడుకుంటాడు. రైల్లో వెనక్కి తిరిగి కూర్చున్నట్టు. ఎగిరి గంతేసినంత పనిచేసి, ఆ సంబరంలో మా ఆవిడకు చెప్పాను. తనేమో, "అంటే బాంబులు పడ్డాక కింద ఏమైందో ఆయనకే బాగా కనపడేదన్న మాట" అంది. నాకా సంగతే తట్టలేదు. ఆ పూట మళ్లీ బ్రష్ ముట్టలేదు.

అప్పట్లో మా అత్తమ్మ కూడా మా ఇంట్లోనే ఉంది. ఊళ్లోనే పర్వత్ పాటియాలో ఉండే మా బావమరిది ఇంటి నుంచి నెలరోజులు ఉందామని వచ్చింది. సిరిసిల్ల నుంచి పెళ్లయిన కొత్తలో సూరత్ వచ్చిన మనిషి. మా మామ బతికినన్నాళ్లూ మరమగ్గాల మీదే, ఆమె మాటల్లో సాంచల మీదే, పనిచేశాడు. ఆమెకు నా పని పిల్లలాటలా కనిపించేది గానీ వదిలేది కాదు, కుర్చీ లాక్కుని కూర్చునేది.

"గిది ఏం జేస్తది అల్లుడా?"

"బాంబులు ఏస్తది అత్తమ్మా."

"ఎవలమీద?"

"ఊర్ల మీద."

"ఊర్లల్ల పిల్లజెల్ల ఉండరా?"

"ఉండేటోళ్లు."

ఆమె తల అడ్డంగా ఆడించింది గానీ కుర్చీలోంచి లేవలేదు. విమానం వీపు మీది స్తంభం నుంచి తోక దాకా రేడియో తీగ కట్టాలి, ఏ దారం పెట్టినా మోకుతాడులా కనపడుతోందని నేను విసుక్కుంటుంటే, తన పాత పాలిస్టర్ చీర చెంగులోంచి ఓ పోగు లాగి, ఆ పోగులోంచి కంటికి ఆనని నార ఒకటి విడదీసి ఇచ్చింది. అదే కట్టాను. సరిగ్గా సరిపోయింది. అప్పట్నుంచి అది "మన యిమానం" అయింది. అక్కడే మెలిక పడింది.

దసరా వచ్చింది. మర్నాడే మా మిత్రుడు జర్మనీ తిరిగి వెళ్లిపోతున్నాడు, ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చి విమానం పట్టుకెళ్తానన్నాడు. పొద్దున ప్లాంటులో క్రేను కొక్కేలకు నిమ్మకాయలు కట్టి పూజ చేసుకుని, దారిలో అందరితో పాటు వరుసలో నిలబడి, ఇక్కడ దసరాకి తప్పకుండా తినే శనగపిండి ఫాఫ్డా, జిలేబీ కొనుక్కుని ఇంటికొచ్చాను. హాల్లో పీట మీద కత్తెర, కుట్టుమిషను, మిక్సీ, నా స్కూటరు తాళం, అన్నిటికీ పసుపూ కుంకుమా. వాటి మధ్యలో నా బాంబరు. రెక్కల మీద బంతిపూల రెక్కలు. తోకకు రెండువైపులా, నేను ఖాళీగా వదిలిన చోటు చూసుకుని మరీ, కుంకుమతో స్వస్తిక్.

నా చేతిలో జిలేబీ పొట్లం అలాగే ఉండిపోయింది.

"అత్తమ్మా! ఎవలు పెట్టమన్నరు?" గట్టిగానే అరిచాను.

"ఎవలు జెప్పాలె? పనిముట్టుకు దసరా నాడు బొట్టు పెట్టకుంటరా? గాడ జాగ ఇడిసిపెట్టినవ్ గద, సాథియో కోసమేననుకున్న" అంది ఆమె, నా అరుపుకు బిత్తరపోయి.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మెరుపులేని రంగు మీద కుంకుమ నీళ్లు పడితే పీల్చుకుంటుంది. తుడవబోతే రంగూ లేస్తుంది. తోకకు వేసిన ఆకుపచ్చ రంగు సీసా తెచ్చి మూత తిప్పుతుండగానే బెల్లు మోగింది. ఒప్పుకున్న వేళకంటే ముందే వచ్చే జాతి!

అతను చూశాడు. దాచడానికి నా దగ్గర సమయం లేదు. అతని ముఖం పాలిపోయింది. నేను క్షమించమంటూ ఏదో నసుగుతున్నాను. ఇంగ్లీషు కూడా సరిగా రావడం లేదు. అత్తమ్మకు మా మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. ముందుకొచ్చింది.

"ఆయనకు జెప్పు. ఎక్కినోళ్లు సల్లంగ ఇంటికి మర్లి రావాలెనని పెట్టిన. గంతే."

చెప్పాను. అతను ఆమెనే చూస్తూ, "మా ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అనకూడదు కదా" అన్నాడు. తర్వాత తోక చూపించి, "ఈ గుర్తు మాత్రం వద్దు. నాన్న చూడలేడు. ఇంకేదైనా పెట్టగలదేమో అడుగు" అన్నాడు.

"గట్లనా? బొట్టు పెడ్త. యాడ పెట్టాల్నో సూపియ్యమను" అంది.

అతను వేలితో చూపించాడు. కడుపు కింద, తొట్టి అద్దం పక్కన. తోక మీద రెండువైపులా పచ్చరంగు వేసేశాను. పరీక్షగా చూస్తే అడుగున ఎరుపు జీర ఇప్పటికీ తెలుస్తుందనుకుంటా. తర్వాత విమానాన్ని పీట మీంచి తీసి నేనే తిరగేసి పట్టుకున్నాను. కడుపుకు వేసిన ఆ లేత నీలం రంగు కోసం ఎన్ని ఫోటోలు చూశానో, ఎన్నిసార్లు కలిపి పారబోశానో నాకే తెలుసు. అయినా ఆమె వేలికి అందేలా ఇంకాస్త ముందుకు చాపాను. అత్తమ్మ ఉంగరపు వేలితో చుక్క పెట్టింది.

విమానాన్ని దాని టేకుచెక్క స్టాండు మీద నిలబెట్టాను. పని అయిపోయిందనుకున్నాం. ఆమె వేలికి ఇంకా కుంకుమ ఉంది. వంగి, విమానం కింద ఆ చెక్క మీద ఇంకో చుక్క పెట్టింది.

"గిదెందుకు?" అన్నాను.

"కిందున్నోళ్లకు."

అనువాదం చెయ్యమని అతను అడిగాడు. చెప్పాను. తలుపు మీది సాథియో ముందు ఆగినట్టే ఆగిపోయాడు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుని, జిలేబీ తింటావా అని మా ఆవిడ అడిగితే తింటానన్నాడు.

విమానాన్ని పెట్టెలో సర్ది ఇస్తే, ఆ పెట్టె చేతుల్లోనే పెట్టుకుని వెళ్లాడు. చాలా రోజులు కబురు లేదు. పెట్టె విప్పారో లేదోనని రోజూ ఫోను చూసుకునేవాణ్ణి. ఓ మధ్యాహ్నం వచ్చింది. వాళ్ల నాన్న భూతద్దం పట్టుకుని ముందు కడుపు కింద చూశాడట. తన తండ్రి చోటు వేలితో తడిమాడట. తర్వాత చెక్క మీది చుక్క ఏమిటని అడిగాడట. చెప్పాక, కర్ర పట్టుకుని లేచి, సొరుగు దగ్గరికి తనే నడిచి వెళ్లాడట. ఆ కబురుతో పాటు మా మిత్రుడు ఓ ఫోటో పంపాడు. కిటికీ పక్కన బల్ల మీద విమానం, దాని పక్కన గోడకానించి, అందరికీ కనపడేలా, ఆ నవ్వుతున్న కుర్రాడు.

పర్వత్ పాటియా వెళ్లి అత్తమ్మకు చూపించాను. ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అబ్బ, గింత చిన్నపోరడా!" అంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.